బొమ్మ మనది, హక్కు ఎవరిది?

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల పెద్దలకు, విద్యావంతులైన యువతీయువకులకు ఒక చేదు నిజం విన్నవించుకోవలసి ఉన్నది. మన భాష ఆనవాళ్ళు అంతర్జాలంలో కనిపించనప్పుడల్లా ప్రభుత్వాలనూ, ఇతర భాషల వారినీ నిందించడం మనకు అలవాటైపోయింది. చాలా విషయాలలో ఆ నింద న్యాయమే. కానీ వికీమీడియా కామన్స్‌లో మన ఊళ్ళ బొమ్మలు నిలవడం లేదంటే, ఆ దోషంలో పెద్ద వాటా మనదే.

కామన్స్ 2004 సెప్టెంబరులో మొదలైన స్వేచ్ఛా చిత్రభాండాగారం. తెలుగుతో సహా అన్ని భాషల వికీపీడియా వ్యాసాలలోని బొమ్మలలో అధికభాగం అక్కడినుండి వచ్చినవే. పత్రికలవారూ, పుస్తక ప్రచురణకర్తలూ వాటిని తీసుకుంటారు. బళ్ళారి, హొసూరు, బరంపురం, సిరొంచ అని వెదికినవారికి అక్కడ ఏ బొమ్మ కనబడితే ఆ ఊరు వారికి అదే. ఆ బొమ్మలో తెలుగు అక్షరం లేకపోతే, ఆ ఊళ్ళో తెలుగే లేదనుకుంటారు.

ముందుగా నా తప్పే చెప్పుకుంటాను. మా ప్రాంతంలోని ఒక పాత తెలుగు బడి భవనాన్ని కూల్చివేశారు. తెలుగులో పేరు చెక్కిన కొయ్యఫలకం కూడా దానితోపాటే పోయింది. ఆ ఫలకం స్పష్టంగా కనిపించే బొమ్మ బడి వార్షికోత్సవ సంచికలో ఒక్కటే మిగిలింది. నేను దానిని స్కాన్ చేసి, ‘సొంత కృతి’ అని రాసి కామన్స్‌లో చేర్చాను. కొద్ది రోజులకే తొలగించారు. ఇది తెలుగుపై కక్ష అని మిత్రుల ఎదుట ఆవేశపడ్డాను. ఆ రాత్రి చట్టం పుస్తకం తెరిచిన తరువాత తలవంచుకోవలసి వచ్చింది. పుస్తకం కొన్నంత మాత్రాన, పుట స్కాన్ చేసినంత మాత్రాన బొమ్మపై హక్కు రాదు. న్యాయవాదినైన నేను పరుల కృతిని నాదని ప్రకటించాను!

మరి హక్కు ఎవరిది? 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు ప్రతిఫలమిచ్చి ఛాయాచిత్రం తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు తొలి హక్కుదారు తీయించుకున్నవారే. బడి యాజమాన్యం స్టూడియోవారికి డబ్బిచ్చి తీయించిన బొమ్మ అది. కాబట్టి అనుమతి ఇవ్వవలసినది యాజమాన్యం. వారి దగ్గరకు వెళితే, “ఎవరో అమ్ముకుని డబ్బు చేసుకుంటారు, వ్యాపారానికి వాడరాదని రాసిస్తాం” అన్నారు. అటువంటి షరతు ఉన్న బొమ్మను కామన్స్ స్వీకరించదు. మార్పులు చేయరాదన్న షరతునూ ఒప్పుకోదు. నెలల తరబడి తిరిగిన తరువాత ఒక పెద్దాయన, “అయ్యా, ఫలకమే పోయింది, ఇక అమ్ముకోవడానికి ఏముంది?” అన్నారు. సంతకాలు పెట్టారు. అనుమతి లేఖ ఈమెయిలులో కామన్స్ వారికి చేరిన మీదట, తొలగించిన బొమ్మ తిరిగి వచ్చింది. ఆ భాండాగారానికి కావలసినది హక్కుదారు మాట. ఆ మాట తేవడానికి బద్ధకించి కుట్ర అని కేకలు వేయడం మనకు గౌరవం కాదు.

“డబ్బు చేసుకుంటారు” అన్న భయానికి కూడా జవాబు చెప్పాలి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఇచ్చినందువల్ల హక్కు చేజారిపోదు. బొమ్మ వాడినవారు తీసినవారి పేరు చెప్పాలి. బొమ్మను మార్చి ప్రచురిస్తే అదే షరతుపై ప్రచురించాలన్న లైసెన్సును ఎంచుకునే వీలు కూడా ఉంది. ఒకసారి ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోలేమన్నది నిజమే. అందుకే ఇంటిల్లిపాదీ ఆలోచించి ఇవ్వాలి. కానీ ఎవరో నాలుగు రూపాయలు సంపాదిస్తారని పెట్టెలో దాచిన బొమ్మకు చెద పడితే, ఆ నష్టం ఎవరికి?

చట్టం మనకు తెరిచి ఉంచిన వాకిళ్ళు చాలా ఉన్నాయి. 1941కి ముందు భారతదేశంలో ప్రచురితమైన ఛాయాచిత్రాలపై కాపీరైటు ఎప్పుడో ముగిసింది. తాతల నాటి సంచికలు దులిపి చూడండి. అయితే ప్రచురించిన సంవత్సరం, పుస్తకం పేరు తప్పక చూపాలి. 2012 సవరణ తరువాత పరిస్థితి మారింది. నేడు తీసే బొమ్మపై హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు ఉంటుంది. కాబట్టి ఇతరుల బొమ్మ కోసం కాచుకుని కూర్చోవడంకన్నా మనమే తీయడం మేలు. 52వ సెక్షను ప్రకారం కట్టడాలనూ, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నెలకొల్పిన శిల్పాలనూ ఛాయాచిత్రం తీస్తే కాపీరైటు ఉల్లంఘన కాదు. ఈ వెసులుబాటు కొత్తగా గీసిన గోడచిత్రాలకు, సినిమా పోస్టర్లకు వర్తించదు. శతాబ్దాల నాటి శిలాశాసనంపై నేడు ఎవరికీ కాపీరైటు లేదు. ఎదుట నిలబడి మీరు తీసిన బొమ్మ మీదే. అదే శాసనం బొమ్మను ఎవరి పుస్తకంనుండో తీస్తే అది మీది కాదు. తేడా ఇంతే, కానీ ఈ తేడా తెలియకనే మన శ్రమ వృథా అవుతున్నది.

రాజ్యాంగం 29వ అధికరణం తమ భాషను, లిపిని, సంస్కృతిని పరిరక్షించుకునే హక్కును ప్రతి వర్గానికీ ఇచ్చింది. 1956లో రాష్ట్రాల పునర్విభజనతోపాటే భాషా అల్పసంఖ్యాకుల కోసం ప్రత్యేకాధికారిని నియమించే 350బి అధికరణం వచ్చింది. వినతిపత్రాలు ఎన్నో ఇచ్చాం, ఇస్తూనే ఉంటాం. కానీ పరిరక్షణ అంతా ప్రభుత్వమే చేయాలని ఆ అధికరణాలు చెప్పలేదు. తంజావూరు జిల్లా మెలట్టూరులో నేటికీ తెలుగులో ఆడే భాగవతమేళం, షోలాపురం పద్మశాలీల మగ్గం, పర్లాకిమిడి వీధిలో పాత తెలుగు నామఫలకం, యానాం గోదావరి రేవు: వీటిని బొమ్మ తీయడానికి ఏ కార్యాలయం ఆమోదముద్రా అక్కరలేదు. ఆటగాళ్ళనూ, నేతగాళ్ళనూ తీసేటప్పుడు వారిని అడగడం మర్యాద. గుడి లోపల తీసేటప్పుడు అక్కడి నియమం తెలుసుకోవాలి.

కావున ప్రతి కుటుంబానికీ నా విన్నపం ఇది. ఈ నెలలో మీ ఊరి తెలుగు ఆనవాళ్ళలో ఒక్కదానిని స్వయంగా బొమ్మ తీయండి. తీసిన తేదీ, స్థలం, తీసినవారి పేరు రాయండి. వివరణ తెలుగులోనూ, మీ రాష్ట్ర భాషలోనూ ఇవ్వండి. పొరుగువారు కూడా చదివి, ఇది తమ ఊరి చరిత్ర అని గుర్తిస్తారు. అల్మారాలో పాత పెళ్ళి బొమ్మలు, బడి బొమ్మలు ఉంటే, తీయించినవారు ఎవరో, వారి వారసులు ఎవరో ఇంటి పెద్దలు బతికి ఉండగానే అడిగి, బొమ్మ వెనుక పెన్సిలుతో రాసిపెట్టండి. రేపు అనుమతి కోరవలసి వస్తే, ఎవరిని అడగాలో చెప్పేది ఆ ఒక్క వాక్యమే.

మా బడి ఫలకం మళ్ళీ రాదు. దాని బొమ్మ మాత్రం ఉంది, ఎవరూ తొలగించలేని విధంగా ఉంది. మీ ఊరి ఫలకం ఇంకా నిలిచే ఉంటే, మాకంటే మీరు అదృష్టవంతులు. అది కూలకముందే వెళ్ళండి.