కోతి జ్వరం కోతుల తప్పా?

1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు, కొండముచ్చులు వరుసగా చచ్చిపడ్డాయి. ఆ రోజుల్లోనే చుట్టుపక్కల పల్లెల్లో జనం తీవ్రమైన జ్వరంతో, ఒళ్లునొప్పులతో మంచం పట్టారు. కొందరికి రక్తస్రావమై ప్రాణాలు పోయాయి. పరీక్షల్లో కొత్త వైరస్ బయటపడింది. దానికి ఆ అడవి పేరే పెట్టారు. జనం మాత్రం కోతి జ్వరం అంటారు.

ఆ పేరు వింటే తప్పంతా కోతిదే అనిపిస్తుంది. నిజానికి కోతి కూడా మనలాగే బాధ పడేదే. వైరస్‌ను మోసేది అడవి పిడుదు. కోతి చచ్చిపోతే దాని ఒంటిమీది పిడుదులు నేలరాలి, ఆ చుట్టుపక్కల తిరిగే మనుషులను కుడతాయి.

మరి పిడుదులు ఇంతగా ఎందుకు పెరిగాయి? దట్టమైన అడవిని పొలాలకు, తోటలకు ముక్కలు చేస్తే అంచుల్లో పొదలు లేస్తాయి. పశువులు అక్కడ మేస్తాయి. వాటి రక్తం తాగి పిడుదులు విపరీతంగా పెరుగుతాయి. 1980ల మొదట్లో దక్షిణ కన్నడ జిల్లా బెళ్తంగడి తాలూకాలో జీడిమామిడి తోటల కోసం అడవి నరికారు. ఆ తర్వాత అక్కడ వెయ్యిమందికి పైగా ఈ జ్వరం బారిన పడ్డారు. గత పదిహేనేళ్లలో కేరళ, గోవా, మహారాష్ట్రల్లోనూ ఇది కనబడింది.

నరికించినది ఒకరు, జబ్బు పడేది మరొకరు. కట్టెలు, ఎండుటాకులు ఏరుకొనేవారు, పశువుల కాపరులు, తోట కూలీలే దీనికి ఎక్కువగా బలవుతున్నారు. వైరస్‌ను చంపే ప్రత్యేకమైన మందు లేదు. పాత టీకా సరిగా పనిచేయడం లేదని 2022లో ఆపేశారు.

అలాగని పేదవాడి ఆవును అడవి నుంచి తరిమేయడం న్యాయం కాదు. పెద్ద ఎత్తున అడవి నరకడానికి అనుమతి ఇచ్చే ముందు, దానివల్ల ఏ రోగాలు రావచ్చో ఆరోగ్యశాఖను అడిగి తీరాలి. జబ్బుపడిన కూలీకి వైద్యంతోపాటు పోయిన రోజుల కూలి కూడా దక్కాలి.

దేవుడు ఆదాముకు తోటను సాగుచేసే పనితోపాటు కాచే పనినీ అప్పగించాడు. మనం మొదటి పనినే గుర్తుపెట్టుకున్నాం. కర్ణాటక, మహారాష్ట్రల్లో స్థిరపడిన మన తెలుగు సంఘాల యువత రెండో పనిని చేపట్టాలి. అడవి అంచు పల్లెల్లో చచ్చిన కోతి కనబడితే దగ్గరికి వెళ్లకుండా వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలని ఇంటింటికీ తెలియజేయండి. జ్వరం వచ్చినవారిని ఆస్పత్రికి చేర్చండి. గ్రామసభలో అడవి గురించి చర్చ వచ్చినప్పుడు కూలీల పక్షాన లేచి మాట్లాడండి.