సీటు ఇచ్చారు సరే, మాట ఎవరిది?



"మీకు రిజర్వుడు సీట్లు ఉన్నాయిగా, ఇంకేం కావాలి?" ఈ మాట మీరెన్నిసార్లు విన్నారు? నేను కాలేజీ హాస్టల్లో విన్నాను, బస్సులో విన్నాను, కలెక్టరేట్ ముందు ధర్నాకి కూర్చున్నప్పుడు కూడా విన్నాను. ఆ మాటకి జవాబుగా ఈసారి ఒక సీటు కథ చెప్తాను. అది మన దగ్గరి సీటు కాదు. కెనడాలో మానిటోబా అనే రాష్ట్రం ఉంది. దాని ఉత్తరాన, అడవులూ చెరువుల మధ్య ఉన్న ఒక అసెంబ్లీ నియోజకవర్గం. చాలా ఊళ్లకి ఏడాది పొడుగునా వాడే రోడ్డే లేదు. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల మీదుగా వేసే దారి, మిగతా కాలమంతా చిన్న విమానం. అంత దూరాన ఉన్న ఆ సీటు నుంచి వచ్చిన ఒక్క మనిషి 1990లో దేశ రాజ్యాంగ సవరణనే నిలబెట్టేశాడు.

ఓపికగా చదవండి. చివర్లో మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను.

ముందు ఆ సీటు పేరు చూడండి. రూపర్ట్స్‌ల్యాండ్, అంటే రూపర్టు భూమి. ఎవరీ రూపర్టు? ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి బంధువు. 1670లో ఆ రాజు ఒక కాగితం మీద సంతకం పెట్టి, హడ్సన్ బే సముద్రంలోకి పారే నదుల కింది నేలంతా ఒక వ్యాపార కంపెనీకి రాసిచ్చాడు. ఆ హడ్సన్స్ బే కంపెనీకి మొదటి గవర్నరే ఈ రూపర్టు. ఆయన ఆ నేల మీద ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు. అక్కడ వేల ఏళ్లుగా బతుకుతున్న క్రీ, ఓజీబ్వే, డెనె జనాన్ని ఎవరూ అడగలేదు. రెండొందల ఏళ్లు జంతువుల తోళ్లతో వ్యాపారం చేసుకుని, 1869-70లో అదే కంపెనీ ఆ నేలని కెనడా ప్రభుత్వానికి మూడు లక్షల పౌండ్లకి అప్పగించింది. అప్పుడూ ఎవరినీ అడగలేదు. తర్వాత అసెంబ్లీ సీటుకి కూడా ఆ పేరే పెట్టారు. మన గూడేనికి ఫారెస్టు కాంట్రాక్టరు పేరు పెడితే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

1875లో నార్వే హౌస్ దగ్గర అయిదో నంబరు ఒప్పందం జరిగింది. అయిదుగురున్న కుటుంబానికి 160 ఎకరాలు, మనిషికి ఏడాదికి 5 డాలర్లు. కొన్ని ఇతర ఒప్పందాల్లో అదే కుటుంబానికి 640 ఎకరాలు రాశారు. ఇక్కడ నాలుగో వంతు. ఆ 5 డాలర్లు ఈరోజుకీ 5 డాలర్లే. ఇది జోక్ కాదు, ఇప్పటికీ ఏటా లెక్కపెట్టి చేతిలో పెడతారు.

మరి ఓటు? 1885లో కెనడా చేసిన ఓటు చట్టం మానిటోబా ఇండియన్లని పేరుపెట్టి మరీ బయట ఉంచింది. (వాళ్ల చట్టాల్లో ఆదివాసులకి వాడిన మాట "ఇండియన్" అని గుర్తుంచుకోండి, మన గురించి కాదు.) ఓటు కావాలంటే ఒక దారి ఉండేది: నేను ఇండియన్ని కాదు అని తన గుర్తింపునీ ఒప్పంద హక్కునీ వదులుకోవాలి. తల్లిని కాదంటే ఓటరు కార్డు ఇస్తామన్నట్టు! 1927 నుంచి 1951 దాకా ఇంకో చట్టం ఉండేది. భూమి హక్కుల కేసు కోసం చందా వసూలు చేయాలన్నా, లాయర్ని పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. లేకపోతే నేరం.

మానిటోబా రాష్ట్ర ఎన్నికల్లో ఒప్పంద ఆదివాసులకి ఓటు వచ్చింది 1952లో. దేశ పార్లమెంటుకి 1960లో. మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు ముగిసిందీ 1952లోనే. అంటే మన తాతలు ఓటు వేసిన ఏడాదే, "అభివృద్ధి చెందిన" కెనడాలో ఆ తాతలకి రాష్ట్ర ఓటు దొరికింది. దేశం ఓటుకి ఇంకో ఎనిమిదేళ్లు ఆగాల్సి వచ్చింది.

ఓటు రాగానే అన్నీ మారిపోయాయా? లేదు. రూపర్ట్స్‌ల్యాండ్ నుంచి ఒక ఒప్పంద ఆదివాసీ గెలిచింది 1981లో. ఇరవై తొమ్మిదేళ్లు! మధ్యలో 1969లో మెటీ నాయకుడు జాన్ అలార్డ్ గెలిచాడు, అది కాదనడం లేదు. కానీ రిజర్వులో పుట్టి పెరిగిన మనిషి మానిటోబా అసెంబ్లీ మెట్లెక్కడానికి అన్నేళ్లు పట్టింది. ఆ ఏళ్లలోనే ఉత్తరాన ఏం జరిగిందో చూడండి. 1960లలో గ్రాండ్ ర్యాపిడ్స్ డ్యాం కట్టారు, చెమావావిన్ క్రీ జనాన్ని ఊరితో సహా లేపేశారు. 1970లలో చర్చిల్ నది నీళ్లని నెల్సన్ నదిలోకి మళ్లించారు. సౌత్ ఇండియన్ లేక్ చెరువు మట్టం పెరిగి ఊరు మునిగింది, చేపల మీద బతికిన జనం బతుకు పోయింది. కరెంటు దక్షిణాది పట్నాలకీ, అమెరికాకీ పోయింది. ఆ జనానికి అప్పటికే ఓటు ఉంది, ఎమ్మెల్యే ఉన్నాడు. అయినా నీళ్లు వచ్చాయి. ఇది చదువుతుంటే మనకి ఏ ఏరు గుర్తొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

1981లో గెలిచిన ఆ మనిషి పేరు ఎలైజా హార్పర్. 1949లో రెడ్ సక్కర్ లేక్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. రెసిడెన్షియల్ స్కూళ్లలో చదివాడు. పిల్లల్ని ఇంటి నుంచి తీసుకుపోయి, భాష మాన్పించిన స్కూళ్లవి. ఇరవై తొమ్మిదేళ్లకే తన రిజర్వుకి చీఫ్ అయ్యాడు. న్యూ డెమొక్రటిక్ పార్టీ తరఫున గెలిచాడు, తర్వాత మంత్రి కూడా అయ్యాడు. మంత్రి అయ్యాడని చరిత్రలో నిలవలేదు, మంత్రులు చాలామంది అవుతారు.

1987లో ప్రధాని బ్రయన్ మల్రోనీ, పది రాష్ట్రాల ముఖ్యమంత్రులు కూర్చుని మీచ్ లేక్ ఒప్పందం అని ఒకటి రాశారు. క్విబెక్ రాష్ట్రానికి, అంటే ఫ్రెంచ్ మాట్లాడే వాళ్లకి, "ప్రత్యేక సమాజం" అని రాజ్యాంగంలో గుర్తింపు ఇవ్వాలి. ఆ బల్ల చుట్టూ పదకొండు మంది కూర్చున్నారు. ఒక్క ఆదివాసీ లేడు. దేశాన్ని కట్టింది ఇంగ్లీషు వాళ్లూ ఫ్రెంచి వాళ్లూ అని ఆ కాగితం కథ. అంతకు ముందు అక్కడ ఉన్నవాళ్లు ఎక్కడా లేరు.

ఆ సవరణ చెల్లాలంటే పది రాష్ట్రాల అసెంబ్లీలూ ఒప్పుకోవాలి. గడువు 1990 జూన్ 23. మానిటోబాలో జూన్ దాకా సాగింది. చివరికి ముఖ్యమంత్రి గ్యారీ ఫిల్మన్‌తో పాటు మూడు పార్టీల నాయకులూ సరే అన్నారు, హార్పర్ పార్టీ నాయకుడితో సహా. ఇక అయిపోయినట్టే అని అందరూ అనుకున్నారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. అసెంబ్లీ రూలు ప్రకారం తీర్మానానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. అంత టైం లేదు. రూలు పక్కన పెట్టాలంటే సభలో ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా కుదరదు. జూన్ 12న స్పీకర్ అడిగాడు. హార్పర్ చేతిలో గద్ద ఈక పట్టుకుని "నో" అన్నాడు. మర్నాడు మళ్లీ అడిగారు. మళ్లీ "నో". గొంతు పెంచలేదు, బల్ల గుద్దలేదు, మైకు విరగ్గొట్టలేదు. గడువు దగ్గరపడే కొద్దీ అడుగుతూనే ఉన్నారు, ఆయన అదే మాట చెప్తూనే ఉన్నాడు. ఢిల్లీ నుంచి మనకి దూతలొచ్చినట్టు, ఒట్టావా నుంచి దూతలొచ్చి కమిషన్ వేస్తాం, అది చేస్తాం ఇది చేస్తాం అన్నారు. మానిటోబా చీఫ్‌లు వద్దన్నారు. జూన్ 22న ఆఖరి "నో" పడింది. న్యూఫౌండ్‌ల్యాండ్ కూడా ఓటింగు ఆపేసింది. మీచ్ లేక్ చచ్చింది.

"ఒక్కడు ఆపాడు" అని పేపర్లు రాశాయి. నేను ఒప్పుకోను. ఆ ఒక్కడి వెనక చీఫ్‌లందరూ ఉన్నారు. ఫిల్ ఫాంటెయిన్, ఓవిడ్ మెర్క్రెడీ లాంటి నాయకులున్నారు, రూల్ బుక్ చదివి ఏ పేజీలో ఏముందో చెప్పిన లాయర్లున్నారు. ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడతామని మూడు వేల మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. అసెంబ్లీ బయట డప్పులతో జనం నిలబడ్డారు. ఈక ఆయన చేతిలో ఉంది, బలం బయట ఉంది. మనం ఫోటోలో ఈకనే చూసి ఆగిపోతాం. నేర్చుకోవాల్సింది ఆ రూల్ బుక్ నుంచి.

ఇప్పుడు అవతలి వాళ్ల మాట కూడా వినాలి. "క్విబెక్ వాళ్లూ మైనారిటీయే కదా, వాళ్ల హక్కుని అడ్డుకోవడం న్యాయమా?" అని అడిగేవాళ్లున్నారు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. హార్పర్ దీనికి చెప్పింది సూటిగా ఉంది: మేం క్విబెక్‌కి వ్యతిరేకం కాదు, మమ్మల్ని వదిలేసి చేసుకున్న దానికి వ్యతిరేకం. నా మాట కూడా అదే. ఇద్దరు అన్నదమ్ములు మూడోవాడి పొలం మీద గట్టు వేసుకుంటుంటే, మూడోవాడు అడ్డం నిలబడ్డం తగాదా పెట్టుకోవడం కాదు.

"టెక్నికల్ పాయింటు పట్టుకుని ఆపాడు" అని కూడా అంటారు. అవును, పట్టుకున్నాడు! నూరేళ్లు టెక్నికల్ పాయింట్లతోనే కదా ఆ జనానికి ఓటు లేకుండా చేసింది, లాయర్ని పెట్టుకోనివ్వంది? రూలు వాళ్లకి పనికొస్తే చట్టం, మనకి పనికొస్తే సాకు. ఈ న్యాయం మనకి కొత్తదా?

ఆ "నో" వల్ల ఏం వచ్చింది? 1991లో ఆదివాసుల మీద రాయల్ కమిషన్ వేశారు. 1992లో తర్వాతి రాజ్యాంగ ఒప్పందం, షార్లట్‌టౌన్, రాసేటప్పుడు ఆదివాసీ నాయకులకి బల్ల దగ్గర కుర్చీ వేశారు. అది రెఫరెండంలో ఓడిపోయింది, అది వేరే సంగతి. కానీ అయిదేళ్ల ముందు కుర్చీయే లేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది సినిమా కథ అవుతుంది. మిగతాది కూడా చెప్పాలి. హార్పర్ 1993లో లిబరల్ పార్టీ నుంచి చర్చిల్ పార్లమెంటు సీటు గెలిచాడు, 1997లో ఓడిపోయాడు. 2013లో చనిపోయాడు. రూపర్ట్స్‌ల్యాండ్‌లో ఆయన తర్వాత క్రీ నాయకుడు ఎరిక్ రాబిన్సన్ గెలిచి ఉప ముఖ్యమంత్రి దాకా వెళ్లాడు. అదే కాలంలో, 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు, ఆ ఉత్తరాది రిజర్వులు మందులూ సామాన్లూ పంపమంటే, వచ్చిన సరుకులో శవాల సంచులు ఉన్నాయి. అవును, శవాల సంచులు. మన మనిషి మంత్రిగా ఉన్నా, కింద కుళాయి లేని ఇళ్లున్నాయి. మానిటోబాలో అతి తక్కువ ఓటింగు జరిగే సీట్లలో ఇప్పటికీ ఇదొకటి. జనం బద్ధకస్తులు కాబట్టి కాదు. ఓటు వేసి ఏం చూశారు అన్నది అడగాలి.

2011 ఎన్నికల నుంచి ఆ సీటు పేరు మారింది. కీవాటినూక్. ఉత్తర దిక్కుని చెప్పే వాళ్ల సొంత మాట. రాజుగారి బంధువు పేరు పోయింది. 2016లో అధికార పార్టీ ఉప ముఖ్యమంత్రినే ఆ జనం ఓడించి, జూడీ క్లాసెన్ అనే ఆదివాసీ మహిళని గెలిపించారు. 2019 నుంచి ఒకప్పటి చీఫ్ ఇయాన్ బుషీ గెలుస్తున్నాడు. 2023లో మానిటోబాకి వాబ్ కిన్యూ అనే ఆదివాసీ ముఖ్యమంత్రి అయ్యాడు. కాబట్టి అక్కడ ఇప్పుడు "మనోడు" గెలవడం వార్త కాదు. పని చేయని మనోణ్ణి కూడా మార్చుకోవడం నేర్చుకున్నారు. నాకు ఈకంత ముఖ్యంగా కనిపించేది ఇది.

ఇప్పుడు నా ప్రశ్న. ఆంధ్రాలో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 7, తెలంగాణలో 12. ఎంపీ సీట్లు మూడు: అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. రూపర్ట్స్‌ల్యాండ్‌కి రిజర్వేషన్ లేదు, అక్కడ ఎవరైనా నిలబడొచ్చు. మనకి చట్టమే సీటు ఇచ్చింది. కానీ టికెట్ ఎవరిస్తున్నారు? హైదరాబాద్‌లో, అమరావతిలో ఇస్తున్నారు. టికెట్ ఇచ్చినవాడి ముందు "నో" అనే నోరు ఎంతమందికి ఉంది? మీ గ్రామసభ వద్దని తీర్మానం రాస్తే, మీ ఎమ్మెల్యే ఆ కాగితం అసెంబ్లీలో చదివాడా? మీ నియోజకవర్గం గురించి మీరే చెప్పండి, నేను ఎవరి పేరూ రాయను.

ఎమ్మెల్యేనే తిట్టి ఊరుకుంటే సరిపోదు, మనల్ని కూడా అడుగుతున్నా. వాడు రేపు లేచి "నో" అంటే, బయట డప్పు పట్టుకుని నిలబడేవాళ్లం ఎంతమందిమి? పేసా రూల్స్, అటవీ హక్కుల చట్టం మన ఊళ్లో ఎంతమంది పూర్తిగా చదివాం? డిగ్రీలు చదివాం కదా, ఇవి ఎందుకు చదవలేదు?

ఈ వారం ఒక పని చేయండి. నలుగురు కూర్చుని పేసా గ్రామసభ రూల్స్ గట్టిగా చదవండి, మన భాషలో పెద్దవాళ్లకి చెప్పండి. తర్వాత మీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లి అడగండి: మా ఊరు వద్దంటే, నువ్వు అక్కడ వద్దంటావా? ఏం జవాబు చెప్పాడో కింద రాయండి.

జోహార్!