బిడ్డకు పడనిది ఇంటిల్లిపాదీ మానాలి

సకినాలు, సర్వపిండి చేయని ఇల్లు మన సిద్దిపేట పల్లెల్లో అరుదు. రెండింటిలోనూ నువ్వులు పడతాయి, సర్వపిండిలో పల్లీలు కూడా. వంకాయ కూరలోనూ, పచ్చిపులుసులోనూ తరచుగా ఈ పొడులే. కనుక చిన్నబిడ్డకు పల్లీలో, నువ్వులో పడవని డాక్టరు తేల్చిననాడు మారవలసింది బిడ్డ కంచం ఒక్కటే కాదు, వంటిల్లు.

చాలా ఇళ్లలో జరిగేది వేరు. అందరికీ కూర, బిడ్డకు పెరుగన్నం. గరిటె మాత్రం ఒకటే, మూకుడు ఒకటే. పల్లీలు ఏరి పక్కన పెడితే చాలుననుకుంటారు. వేయించినా ఆ గుణం పోదు. కొందరికి రవ్వంత తగిలినా దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు. ఊపిరి ఆడనప్పుడు ఇంటి చిట్కాలు కట్టిపెట్టి వెంటనే 108కి ఫోను చేయాలి.

కొద్దికొద్దిగా తినిపిస్తే అదే అలవాటవుతుందనే పెద్దల మాట ఇక్కడ ప్రమాదం. అట్లని ఒకసారి దద్దురు లేవగానే పాలు, గుడ్డు, పప్పు అన్నీ మాన్పించడమూ తప్పే. ఎదిగే బిడ్డ చిక్కిపోతుంది. గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి పెరిగేకొద్దీ పడుతుంది, కాని మళ్లీ ఎప్పుడు పెట్టాలో డాక్టరే చెప్పాలి.

అంగన్‌వాడీలో గుడ్డు పెడతారు. తల్లి ముందే టీచరుకు చెప్పాలి. టీచరు దాన్ని గారాబమని తీసిపారేయరాదు. ఇంట్లో అత్తగారికి నచ్చజెప్పడమే కష్టం. నువ్వుల పొడి లేని పచ్చిపులుసు ఉల్లిగడ్డ, పోపుతో బాగానే ఉంటుంది. సకినాల పిండిలో వాము ఒక్కటే కలిపినా రుచి చెడదు.