పట్టా ఇంకా తాత పేరిటే ఉందా?
వారసత్వ చట్టాల్లో వరుస మార్పులు.. వికారాబాద్, తాండూరు యువతకు ఇందులో పనుంది

తాండూరు దగ్గర మీ కంది చేను, వికారాబాద్‌లో మీ ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? చనిపోయిన తాత పేరిటే నడుస్తున్న ఇళ్లు ఊరూరా ఉంటాయి. కొలువు వేటలో ఉన్న మీకు ఇది పెద్దోళ్ల ముచ్చటే అనిపించొచ్చు. కానీ పట్టా మారకపోతే పంట రుణానికి, రైతు భరోసాకు, భూసేకరణ పరిహారానికి చిక్కే. పైగా కొన్నేళ్లుగా ఈ చట్టాలు ఒకదాని వెంట ఒకటి మారుతున్నాయి. చట్టం మారిన చోట తెలిసినోళ్ల అవసరం పెరుగుతుంది.

విరాసత్‌కు నోటీసు
2020 అక్టోబరు 29న ధరణి మొదలైంది. అందులో వారసులంతా ఒప్పుకున్నామని రాసిస్తే విరాసత్ అయిపోయేది. ఎవరి పేరైనా వదిలేస్తే సివిల్ కోర్టే దిక్కు. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమల్లోకి వచ్చింది. ఇప్పుడు విరాసత్‌కైనా, వీలునామాకైనా దరఖాస్తు పెడితే తహసీల్దార్ వారసులకు నోటీసులిచ్చి విచారించాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే అప్పీలుకు వెళ్లొచ్చు.

ఈ మార్పుతో ఎక్కువ మేలు ఆడబిడ్డలకే. పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1985లోనే చట్టం తెచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ కూతుళ్లందరికీ కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకున్నా హక్కు పోదని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. 'కట్నం ఇచ్చినం కదా, ఇంకేం వాటా' అనే మాట కోర్టులో నిలవదు.

వీలునామా ఎక్కడ ఓడిపోతుంది?
వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాల్సిందే. గొడవ కోర్టుకెక్కితే వాళ్లలో బతికున్న ఒకరైనా వచ్చి చెప్పాలి. 2024 జులై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ ఇదే నియమం. అందుకే రాసే మనిషి ఈడు ముసలివాళ్లను కాకుండా, వయసులో చిన్నవాళ్లను, ఆస్తితో సంబంధం లేనివాళ్లను సాక్షులుగా పెట్టుకోవడం మేలు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే ఇంకా బలం.

రెండో పొరపాటు ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని ఒక్కరికే రాసేయడం. తన వాటా వరకే రాసే హక్కు ఉంటుంది. ముస్లిం కుటుంబాల్లో వారసులు ఒప్పుకోకుండా మూడో వంతుకు మించి వీలునామా చెల్లదు.

చెన్నై, ముంబయి, కోల్‌కతా నగరాల్లో హిందువుల వీలునామాకు కోర్టు ప్రొబేట్ కావాలనే నియమాన్ని 2025 డిసెంబరులో పార్లమెంటు ఎత్తేసింది. మన జిల్లాలో ఆ నియమం ముందు నుంచే లేదు. ఎవరైనా ప్రొబేట్ తప్పనిసరని భయపెడితే నమ్మకండి.

రాసిచ్చాక చూసుకోకపోతే?
చూసుకోవాలన్న షరతుతో దానపత్రం రాసిచ్చిన తల్లిదండ్రులను పిల్లలు వదిలేస్తే, 2007 వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వికారాబాద్, తాండూరు రెండూ రెవెన్యూ డివిజన్లే. కాబట్టి దూరం పోనక్కర్లేదు. దానపత్రం రద్దు చేయడమే కాదు, ఆస్తిని తిరిగి అప్పగించమని కూడా ట్రిబ్యునల్ చెప్పొచ్చని 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

నామినీ అంటే వారసుడు కాదన్నదీ గుర్తుంచుకోండి. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకోవచ్చు. అయినా డబ్బు చివరికి చేరాల్సింది వారసులకే.

మీకు దారులివి
ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా కోర్సుకు లాసెట్ రాయాలి. తర్వాత ఆలిండియా బార్ పరీక్ష ఉంటుంది. జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అంటే చిన్న కోర్టులో సీనియర్ దగ్గర గడిపే ఆ మూడేళ్లు ఇక వృథా కావు. అయితే మొదట్లో ఆదాయం తక్కువే. ఇంట్లో ముందే మాట్లాడుకుని దిగండి.

లా వద్దనుకుంటే గ్రూప్-2లో సబ్ రిజిస్ట్రార్, నాయబ్ తహసీల్దార్ పోస్టులున్నాయి. సివిల్ డిప్లొమా, బీటెక్ వాళ్లకు లైసెన్స్‌డ్ సర్వేయర్ దారి తెరుచుకుంది. భూముల రిజిస్ట్రేషన్‌కు నక్షా జోడించాలన్నది భూభారతి ఆలోచన.

ఇంకో నైపుణ్యానికి పోటీ తక్కువ. అది పాత రికార్డు చదవడం. సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అర్థం చేసుకోగలిగితే, నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చదవగలిగితే ఏ వకీలైనా మిమ్మల్ని దగ్గరికి తీస్తాడు. తాండూరులో ఉర్దూ వచ్చిన విద్యార్థులకు ఇది ఇంట్లోనే ఉన్న పెట్టుబడి.

ఈ పని నేర్చుకోవడం మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. పట్టా ఎవరి పేరిట ఉంది, వారసులు ఎంతమంది, మేనత్తల పేర్లు ఉన్నాయా, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరు? ఈ నాలుగూ ఒక కాగితం మీద రాయండి. ఖాళీ ఎక్కడుందో, మీ ఇంట్లో ముందు చేయాల్సిన పని అదే.