‘యాడ్ నొక్కు మావా’ అంటే అకౌంట్ గల్లంతే!

మెగా డీఎస్సీకి 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. అప్పుడు సిలబస్, హాల్‌టికెట్ల కోసం ఫోన్లో వెతికినవాళ్లకు ఈ అనుభవం గుర్తుండే ఉంటుంది. ‘డౌన్‌లోడ్’ అని నొక్కితే పీడీఎఫ్ రాదు, ఏదో లోన్ యాప్ ప్రకటన తెరుచుకుంటుంది. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కితే ఇంకో ప్రకటన. చిరాకేసి మూసేస్తాం.

ఇలాంటి సైట్లు నడిపేవాళ్లలో డిగ్రీ, బీటెక్ చదువుతున్నవాళ్లూ ఉంటారు. ఉద్యోగం వచ్చేలోగా నాలుగు రూపాయలు సంపాదించాలనుకోవడంలో తప్పేం లేదు. కానీ ఆ పద్ధతిలో వెళితే డబ్బు నిలవదు, పేరూ నిలవదు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి.

డబ్బు ఎవరిది?

గూగుల్ యాడ్‌సెన్స్ 2003లో మొదలైంది. తెలుగు సైట్లకు అధికారికంగా తలుపు తెరుచుకుంది 2018లో. అమలాపురంలో ఒక కోచింగ్ సెంటర్ గూగుల్‌కి ప్రకటన ఇచ్చిందనుకుందాం. అది మీ పేజీలో కనిపిస్తుంది. వేదికల ఫీజులు పోగా, ఆ సెంటర్ కట్టిన ప్రతి రూపాయిలో సుమారు 68 పైసలు మీకు చేరతాయి.

ఇప్పుడు కాలేజీ వాట్సాప్ గ్రూపులో ‘మావా, సైట్ ఓపెన్ చేసి రెండు యాడ్స్ నొక్కరా’ అని పెట్టారనుకోండి. నలభై మంది నొక్కారు. కోచింగ్‌లో చేరేవాడు ఒక్కడూ లేడు, సెంటర్ ఓనర్ డబ్బులు మాత్రం పోయాయి. గూగుల్ దీన్నే ‘చెల్లని ట్రాఫిక్’ అంటుంది. పసిగడితే ఆ సొమ్ము మీ ఖాతా నుంచి తీసేసి, వీలైన చోట ప్రకటనదారుకు తిరిగి ఇస్తుంది. కాబట్టి ఈ రూల్ ఉన్నది ముందుగా ఆ ఓనర్‌ని కాపాడటానికి. ఆయన నమ్మకం పోతే ప్రకటనలే ఉండవు, మీకు ఆదాయమూ ఉండదు.

2024 నుంచి యాడ్‌సెన్స్ మనకు క్లిక్ లెక్కన కాకుండా, ప్రకటన కనిపించిన లెక్కన చెల్లిస్తోంది. ‘అయితే రీఫ్రెష్ కొట్టిస్తే సరి’ అనుకోవద్దు. అదీ చెల్లని ట్రాఫికే.

జాగ్రత్తగా ఉండాల్సినవి

⦁ సొంత ప్రకటన మీరు నొక్కకూడదు, ఇంట్లోవాళ్లతో, ఫ్రెండ్స్‌తో నొక్కించకూడదు. ‘నీది నేను, నాది నువ్వు’ గ్రూపుల్లో అసలు చేరొద్దు.

⦁ ప్రకటనను డౌన్‌లోడ్ బటన్‌లా, మెనూలా కనిపించేలా పెట్టకూడదు. పొరపాటున నొక్కేంత దగ్గరగానూ వద్దు.

⦁ వేరేవాళ్ల స్టడీ మెటీరియల్, సినిమాలు, పాటలు ఎత్తి పెట్టకూడదు. ఏఐతో రోజుకు వందల పేజీలు పుట్టించినా లాభం లేదు. చదివేవాడికి ఉపయోగం లేని పేజీలను ఇలా కుప్పలుగా పోయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ జాబితాలో చేర్చింది.

⦁ ‘అప్రూవ్ అయిన అకౌంట్ అమ్మబడును’ అంటే నమ్మొద్దు. అకౌంట్ చేతులు మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. 18 ఏళ్లు నిండినవాళ్లు తమ పేరుతోనే తెరవాలి.

చెల్లని ట్రాఫిక్ బయటపడితే కొంతకాలం నిలిపివేయొచ్చు, శాశ్వతంగానూ మూసేయొచ్చు. అప్పీలు చేసుకోవచ్చు గానీ అది తిరస్కరిస్తే ఇంకో అకౌంట్ తెరిచే దారి ఉండదు. ఇరవై ఏళ్లకే ఆ తలుపు మూసుకుపోతుంది.

రూలు దాటితే ఒకటి, చట్టం దాటితే ఇంకొకటి

యాడ్‌సెన్స్ పోయినవాళ్లకు తర్వాత కనిపించే దారి బెట్టింగ్ యాప్ బ్యానర్లు. అక్కడ పోయేది అకౌంట్ ఒక్కటే కాదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అలాంటి ఆటలకు ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, రూ.50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. అంతకుముందే, మార్చిలో, బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై హైదరాబాద్‌లో సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద కేసులు నమోదయ్యాయి. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రాడికి ఒక్క కేసు చాలు, పోలీస్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోవడానికి.

మరి ఏం రాయాలి?

మీ ఊరి గురించి మీకు తెలిసినంత ఢిల్లీలో కూర్చున్నవాడికి తెలియదు. ఐనవిల్లినే తీసుకోండి. విఘ్నేశ్వరస్వామి గుడిలో ఏటా పరీక్షల ముందు పెన్నులకు పూజ చేసి విద్యార్థులకు పంచుతారు. ఈ ఏడాది ఎప్పుడు? గోదావరికి వరదొస్తే కోటిపల్లి - ముక్తేశ్వరం పంటు తిరుగుతోందా, ఆగిందా? కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బండి ఎక్కడిదాకా వెళ్తుంది? అంబాజీపేటలో ఇవాళ కొబ్బరికాయ ధరెంత? వెళ్లి చూసి, అడిగి రాయగలిగేది అక్కడున్నవాళ్లే. సెర్చ్‌లోనే ఏఐ జవాబులు ఇచ్చేస్తున్న ఈ రోజుల్లో నిలబడేది ఇలాంటి తాజా సమాచారమే.

అయితే లెక్క ముందే వేసుకోండి. వెయ్యి వ్యూస్‌కి రూ.50, డాలర్ రూ.85 అనుకుందాం. 100 డాలర్లు చేరితే గానీ చెల్లింపు రాదు. అంటే 1.7 లక్షల వ్యూస్ కావాలి. నెలకు 20 వేలు వస్తే మొదటి చెల్లింపుకు ఎనిమిదిన్నర నెలలు పడుతుంది. సంపాదన 10 డాలర్లకు చేరాక అడ్రస్ వెరిఫికేషన్ కోసం పిన్ నంబర్ పోస్టులో వస్తుంది. దాన్ని నాలుగు నెలల్లోగా నమోదు చేయకపోతే ప్రకటనలు ఆగిపోతాయి. డోర్ నంబర్, పిన్‌కోడ్ సరిగ్గా ఇచ్చి పోస్ట్‌మ్యాన్‌కి ఓ మాట చెప్పి ఉంచండి. వచ్చిన ఆదాయాన్ని ఐటీ రిటర్నులో చూపించండి.

కాబట్టి సైట్‌ని ఉద్యోగానికి బదులుగా చూడొద్దు, ఉద్యోగానికి మెట్టుగా చూడండి. రాయడం, సెర్చ్ ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడం, పాఠకుల లెక్కలు చదవడం ఈ ఏడాదిలో వచ్చేస్తాయి. డిజిటల్ మార్కెటింగ్, కంటెంట్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ‘ఇదిగో నా సైట్’ అని ధైర్యంగా తెరిచి చూపించొచ్చు. డౌన్‌లోడ్ బటన్‌తో బోల్తా కొట్టించే సైట్‌ని అలా చూపించలేం కదా!