సాక్షిని తరిమిన సత్యము దొరకునా?

రహదారుల పనులలోను, క్వారీలలోను, కాలువల త్రవ్వకములలోను పనిచేయుచున్న పెద్ద డీజిలు యంత్రములకు ఈ కొలది యేండ్లలో ఒక క్రొత్త వ్యాధి పట్టుకొన్నదని మన గుత్తేదార్లు మొఱపెట్టుకొనుచున్నారు. ఇంజను చక్కగా తిరుగుచునే యుండును. కాని డ్రైవరు ఎదుటి పలకపై ఒక దీపము వెలుగును, ఒక అంకె కనబడును, మఱికొన్ని గంటలకు యంత్రము శక్తి సన్నగిల్లి తుదకు ప్రాకుటకును చాలక నిలిచిపోవును. బ్యాంకి వాయిదా మాత్రము నిలువదు. ఈ వ్యాధికి మన ఊళ్లలో నేడు జరుగుచున్న చికిత్సలు రెండే: సెన్సరును మార్చుట, లేదా సెన్సరును మోసపుచ్చుట. మొదటిది తఱుచు వృథావ్యయము, రెండవది ప్రజాద్రోహము అని మా అభిప్రాయము.

ఈ యంత్రములతో పరిచయము లేని పాఠకులకు విషయము కొంత విశదీకరింపవలసి యున్నది. డీజిలు మండునపుడు పుట్టు నత్రజని ఆక్సైడులు ఊపిరితిత్తులకు హానికరములు. పొగగొట్టములోనే వానిని విఱుగగొట్టుటకై యూరియా కలిపిన యొక ద్రవమును చిమ్ముదురు. వేడికి యూరియా అమ్మోనియాగా మాఱి, ఉత్ప్రేరకముపై ఆ వాయువులను నత్రజనిగను నీటి ఆవిరిగను మార్చును. డెఫ్ అను పేర అమ్ముడుపోవు ఈ ద్రవములో నూటికి 32.5 పాళ్లు యూరియా, తక్కినది లవణములు తీసివేసిన శుద్ధజలము. లారీలకు, టిప్పర్లకు 2020 ఏప్రిలు నుండియు, చక్రములపై నడచు నిర్మాణ యంత్రములకు 2021 ఏప్రిలు నుండియు క్రొత్త నిబంధనలు రాగా, ఎక్కువ శక్తి గల ఇంజనులతో బాటు ఈ ద్రవమును మన పనిస్థలములకు వచ్చినది. ట్యాంకులోని మట్టమును, వేడిమిని, చిక్కదనమును కొలుచు సెన్సరులును, పంపు ఒత్తిడిని కొలుచునదియు, ఉత్ప్రేరకమునకు ముందొకటి వెనుకనొకటి పొగను పరీక్షించు నాక్స్ సెన్సరులును ఇంజను మెదడునకు ఎప్పటికప్పుడు వార్తలు పంపుచుండును.

న్యాయవాద వృత్తిలో నున్న మాకు ఈ సెన్సరులు సాక్షులవలె తోచుచున్నవి. సాక్షి చెప్పిన మాట మనకు నచ్చలేదని సాక్షిని మార్చుట ఏ న్యాయస్థానములోను లేదు. ఆతడు నిజమే చెప్పుచుండవచ్చును. ఆతని గొంతు పట్టుబడియుండవచ్చును. లేక ఆతని మాట కోర్టు వఱకు చేరకయే పోవుచుండవచ్చును. ఈ మూటిలో ఏది జరిగినదో పలకపై కనబడు అంకెయే చాలవఱకు చెప్పుచున్నది. ఆ అంకెలో రెండు భాగములు కలవు. మొదటిది ఏ సాక్షియో తెలుపును: 3364 ద్రవపు గుణము, 1761 ట్యాంకు మట్టము, 4334 చిమ్ముడు ఒత్తిడి, 3216 మఱియు 3226 ముందు వెనుకల నాక్స్. రెండవది దోషపు తీరును తెలుపును. అది 3, 4, 5 అయినచో తగవు విద్యుత్తు తీగలది. 9 అయినచో వార్త అందుటలేదు. 1 గాని 18 గాని అయినచో కొలత సక్రమముగానే వచ్చుచున్నది, ఆ కొలతయే తక్కువగా నున్నదని యర్థము. ఈ కడపటి సందర్భమున సెన్సరును విప్పి పాఱవేయువాడు నిజము చెప్పినవానికి శిక్ష వేయుచున్నాడు. వేలకు వేలు పోసి క్రొత్త సెన్సరు తెచ్చి బిగించినను, మఱునాడు అదే అంకె కనబడును.

అందుచే మొదట పరీక్షింపవలసినది ద్రవమును. రిఫ్రాక్టోమీటరను చిన్న దుర్భిణివంటి పరికరముపై ఒక చుక్క వేసి చూచిన చిక్కదనము తెలియును, అది 31.8కి 33.2కి నడుమ నుండవలెను. ట్యాంకులోని గుణపు సెన్సరు సాధారణముగా ద్రవములో శబ్దము పోవు వేగమును బట్టి చిక్కదనమును లెక్కగట్టునది. ద్రవము పోసిన వెంటనే బుడగలు నిలిచియున్నచో అది తడబడును. కొంతసేపు ఆగిన సర్దుకొనును. ఇందులో మన దేశమునకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ఈ యంత్రముల పుస్తకములలో చాలభాగము శీతలదేశములలో వ్రాయబడినవి. ద్రవము సున్నకు 11 డిగ్రీలు దిగువను గడ్డకట్టునని పుటలకొలది హెచ్చరికలు చేయును. రెంటచింతల ఎండలో రేకులషెడ్డు క్రింద నిలిపిన పీపాను గూర్చి వానికేమి తెలియును? 25 డిగ్రీల వేడిమిలో 18 నెలలు నిలువ నుండు ఈ ద్రవము 35 డిగ్రీలలో 6 నెలలే నిలుచును. అంతకు మించిన వేడిలో నిలిపినదానిని పరీక్షింపక పోయరాదు.

రైతుల యూరియాను నీటిలో కలిపి డబ్బాలలో నింపి అమ్ము నీచులును కలరు. 2015 నుండి దేశములో తయారగు ఎరువుల యూరియాకంతకును వేపనూనె పూయుచున్నారు. అట్టి ద్రవమున చిక్కదనము సరిగానే యుండవచ్చును గనుక సెన్సరు మౌనము వహించును. నూనెయు, మలినములును పోయి చిమ్ముడు ముక్కును పూడ్చి, ఉత్ప్రేరకమును చెఱచును. రైతునకు ప్రభుత్వమిచ్చు సహాయధనమును దొంగిలించి, ఆ దొంగసొత్తుతో మన యంత్రములను చంపుట రెండింతల నేరము.

ద్రవము మంచిదని తేలిన పిమ్మట తీగలను చూడవలెను. డెఫ్ రాగిని, ఇత్తడిని తినివేయును. కారినచోట తెల్లని ఉప్పువలె పేరుకొనును. తీగల వెంబడి ప్రాకి కనెక్టరులోనికి పోవును. మాకు తెలిసిన యొక చిన్న గుత్తేదారు గ్రేడరునకు ఒకే వేసవిలో రెండుమార్లు క్రొత్త నాక్స్ సెన్సరు బిగించిరి. మూడవమారు ఒక ముదుసలి ఆటో ఎలక్ట్రీషియను కనెక్టరు విప్పి చూడగా లోపల పచ్చని చిలుము. యంత్రమును ఆపి, బ్యాటరీ తప్పించి, వార్తలు నడచు రెండు తీగల నడుమ మల్టీమీటరుతో కొలిచిన 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒక కొన తెగినదన్నమాట. ఇంజను ఆపిన వెంటనే బ్యాటరీ స్విచ్చి కట్టివేయు అలవాటును మన డ్రైవర్లు మానవలెను. పంపు గొట్టములోని ద్రవమును వెనుకకు లాగుకొనుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ వ్యవధి నీయనిచో మిగిలినది స్ఫటికములై బిగిసిపోవును.

నాక్స్ సెన్సరు విషయమున ఇంకొక సూక్ష్మము. అమ్మోనియాయు దానికి నాక్స్ వలెనే తోచును. చిమ్ముడు ముక్కు కారుచు ఎక్కువ ద్రవము పడుచున్నను వెనుకటి సెన్సరు పొగ చెడ్డదనియే చెప్పును. కావున ముక్కును విప్పి చూడక సెన్సరుపై తీర్పు చెప్పరాదు.

ఇక మోసపుచ్చు చికిత్స. సెన్సరులకు బదులు అంతయు సరిగానున్నదని అబద్ధమాడు ఒక పెట్టెను తగిలించి, ద్రవము పోయుటయే మానివేయుచున్నారు. దొరలు పెట్టిన చట్టము కాదిది. మన ప్రభుత్వము మన బిడ్డల ఊపిరికై పెట్టినది. ఆ పొగను ముందుగా పీల్చునది యంత్రము ప్రక్కనే తట్టలు మోయు కూలిజనమే. యజమానుల కష్టము మా కెంత తెలిసినను దీనిని మేము సమర్థింపజాలము.

అయితే వారిని ఈ దారి పట్టించుచున్నది ఎవరు? దోషము కనిపెట్టి, సరిచేసి, ద్రవము మార్చినను, చాల యంత్రములలో ఆ అంకెను తుడిచి శక్తిని మరల విడుదల చేయుటకు తయారీదారుని సాఫ్ట్‌వేరును, రహస్యపు తాళమును కావలెను. అవి డీలరు మనిషియొద్ద తప్ప ఊరి మేస్త్రియొద్ద నుండవు. ఆ మనిషి వచ్చువఱకు యంత్రము ఎండలో నిలిచియుండవలసినదే. సొమ్మిచ్చి కొన్న యంత్రమునకు మనము కాపలాదారులము మాత్రమేనా? 2014 ఆగస్టులో మన పోటీ కమిషను, విడిభాగములను పరీక్షా సాధనములను స్వతంత్ర మేస్త్రీలకు అందనీయని 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. 2016లో అప్పీలు ట్రిబ్యునలు మూడు కంపెనీల విషయమున జరిమానాను తగ్గించినను తప్పు జరుగలేదని చెప్పలేదు. 2022లో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కునకై సంఘము నియమించి, వ్యవసాయ పరికరములు, ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను ఎంచుకొన్నది. నిర్మాణ యంత్రముల పేరు అందు లేదు. అమెరికాలో 2025 ఆగస్టున పర్యావరణ సంస్థ, ఈ ద్రవపు దోషము కనబడినంతనే యంత్రములను హఠాత్తుగా స్తంభింపజేయక మరమ్మతునకు వ్యవధి నీయవలెనని తయారీదారులకు సూచించినది. మన ప్రభుత్వము నిబంధనను సడలింపనక్కఱలేదు; తాళపుచెవిని ఇప్పించిన చాలును.

ఐదవ రంగముగా నిర్మాణ యంత్రములను చేర్పవలెనని మన పార్లమెంటు సభ్యులు అడుగవలెను. గుత్తేదార్ల సంఘములు అంతవఱకు ఊరకుండక, యంత్రము కొనునపుడే మరమ్మతు పుస్తకమును, అంకె తుడుచు సాధనమును ధరలో చేర్చవలెనని ఒప్పందమున వ్రాయించుకొనవలెను. విడివిడిగా అడిగిన ఇయ్యనివారు, ఇరువది యంత్రముల ఆర్డరుతో కూడి అడిగిన ఇత్తురు. జిల్లా ఐ.టి.ఐ.లలో డీజిలు మెకానిక్కు తరగతికి ఒక రిఫ్రాక్టోమీటరును, ఒక మల్టీమీటరును, పనికిరాక పాఱవేసిన సెన్సరులను పది కూర్చుటకు పెద్ద ద్రవ్యమక్కఱలేదు. ఆ పదింటిలో నిజముగా చెడినవి ఎన్నియో విద్యార్థులచేత మొదటి పాఠముగా లెక్కింపజేయవచ్చును.