యాస మనదే, మరి కథ ఎవరిది?

ఈ మధ్య వరుసగ సినిమాలు చూసిన. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని. చూసినంక ఒక మాట గట్టిగ అనాలనిపించింది. తెర మీదికి మన యాస వచ్చింది. బరాబర్ వచ్చింది. గని మన బతుకు ఇంకా సగం దారిలనే ఆగింది. యాస వినవడంగనే విజిల్ కొట్టి ఇంటికి పోయే అలవాటు మనం మానుకోకపోతే ఆ మిగిలిన సగం ఎన్నటికీ రాదు.

ముందుగల పాత బాకీ సంగతి చూద్దాం. 1985ల వచ్చిన 'ప్రతిఘటన' మళ్లొకసారి చూసిన. ఆడదాని మీద జరిగే అన్యాయాన్ని చూసి కడుపు మండి తీసిన సినిమా. ఆ మంట నిజమైందే. గని అందుల నవ్వు పుట్టించే అవకాశవాద రాజకీయ నాయకుని నోట్లె తెలంగాణ మాట పెట్టిన్రు. కోట శ్రీనివాసరావు అద్భుతంగ చేసిండు. జనం పడిపడి నవ్విన్రు. నా తకరారు నటునితోని కాదు. న్యాయం అడిగే లెక్చరరమ్మకు ఒక భాష, మోసం జేసెటోనికి ఇంకో భాష అని పంచిపెట్టిందెవరు? ఆ సినిమా హిట్టయినంక అదే బాటల ఎన్ని నడిచినయో లెక్కలేదు. రౌడీకి మన యాస. బేవకూఫ్‌కు మన యాస. పల్లె నుంచి ఉస్మానియాకు వచ్చిన పిల్ల, ఇంట్ల మాట్లాడే మాటను క్లాసుల మింగుకున్నదంటే అందుల ఈ తెర పాపం కూడ ఉన్నది. 2012 అక్టోబర్‌ల 'కెమెరామెన్ గంగతో రాంబాబు' మీద లొల్లి లేసింది ఒక్క సినిమా మీది కోపంతోని కాదు. ఏండ్ల సంది పేరుకున్న అవమానం అది.

అయితే మందు యాసలనే ఉన్నదనుకుంటే పొరపాటు. 1980ల వచ్చిన 'మా భూమి' చూడున్రి. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ. మూలకథ కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల. అయినా సినిమా నిండ మన మట్టే. ఎందుకంటే రామయ్య ఎట్ల మాట్లాడిండన్నది కాదు, ఏమడిగిండన్నది ఆ సినిమాకు ప్రాణం. భూమి ఎవరిదని అడిగిండు. పట్నమొచ్చి రిక్షా తొక్కి, సంఘం అంటే ఏందో తెలుసుకొని, ఊరికి తిరిగిపోయి అడిగిండు. ఇయ్యాలటి పిల్లలకు జర మెల్లగ నడిచినట్టనిపించొచ్చు. ఒకటిరెండు చోట్ల నాకు కూడ అనిపించింది. ఆఖరుకొచ్చేసరికి మాత్రం లేవబుద్ది కాలేదు.

1988ల 'దాసి'. తీసింది మన బి. నర్సింగరావు. ఐదు జాతీయ అవార్డులొచ్చినయి. అర్చన ఉత్తమ నటి అయింది. గడీల కమలాక్షి మాట్లాడేది చానా తక్కువ. అంటే చెవులకు యాస పడేదే తక్కువ. అంతకంటె గట్టి తెలంగాణ సినిమా ఉంటే చూపెట్టున్రి! పాలకొల్లుల పుట్టిన దాసరి నారాయణరావు 1997ల 'ఒసేయ్ రాములమ్మా' తీసిండు. అరుపులెక్కువ, ఏడుపులెక్కువ. అయినా దొర ముందట తలెత్తిన ఆడమనిషిని తెర మీద నిలవెట్టిండు. ఆ గౌరవం ఆయనకియ్యాలె. పుట్టిన ఊరు కాదు, చూసే చూపు ముఖ్యం.

ఇగ కొత్తవి. 2017ల 'ఫిదా'. కోటగిరి కొండల నుంచి వచ్చిన సాయిపల్లవి మన మాట నేర్చుకొని సొంత గొంతుతోని చెప్పింది. హీరోయిన్‌కు ఈ భాష నప్పదని ముప్పై ఏండ్లు నమ్మించినోళ్ల నోళ్లు మూతపడ్డయి. మంచిదే. 2023 మార్చిల 'బలగం' వచ్చింది. చావింటి ముచ్చట, ముట్టని కాకి, పాత పంచాయతి. ఊర్లల్ల తెరలు కట్టి జనమంత కలిసి చూసిన్రు. ఈ మధ్య వచ్చినవాట్లల్ల మనసున నిలిచింది అదే. అదే నెల 'దసరా' వచ్చింది. నాని మంచిగ చేసిండు. గని బొగ్గు బాయి పక్కన ఊరు పెట్టి, బాయిల దిగేటోని చెమట కంటె సీసానే ఎక్కువ చూపెట్టిన్రు. మన బతుకంటే సీసా, బొక్క, చావు డప్పేనా? కష్టం లేదా? 2019ల 'మల్లేశం' ఆ కష్టాన్నే చూపెట్టింది. ఒక్క చీరకు ఆసు పోయాలంటే తల్లి చెయ్యి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలె. ఆ భుజం నొప్పి సూడలేక మిషన్ చేసిన చింతకింది మల్లేశం కథ అది. పని మీద, ఆ పని చేసే చెయ్యి మీద సినిమా తీయొచ్చని చూపిన మొనగాడు సినిమా.

ఇప్పుడు అసలు ముచ్చట. ఈ మాటలు రాస్తున్నది పుప్పాలగూడ నుంచి. పక్కనే కోకాపేట. 2023 ఆగస్టుల సర్కారు వేలంల అక్కడ ఒక్క ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఇంకో పక్క నానక్‌రాంగూడల రామానాయుడు స్టూడియో. మణికొండ దిక్కు పోతే సినిమా కార్మికుల చిత్రపురి కాలనీ. 2025 ఆగస్టుల 30 శాతం కూలి పెంచమని రెండు వారాలకు పైగ షూటింగులు బందు పెట్టింది ఈ కార్మికులే. అంటే సినిమా ఇక్కడనే ఉన్నది, భూమి ఇక్కడనే ఉన్నది, కూలి కొట్లాట ఇక్కడనే ఉన్నది. మన సినిమాలల్ల ఈ అద్దాల మేడలు హీరో ఆఫీసులయితయి, పాటకు బ్యాక్‌గ్రౌండయితయి. ఆ మేడ కింది చెలక ఎవరిది? అగ్గువకు అమ్ముకున్నోడు ఏమైండు? కౌలుకు దున్నినోడు ఎటువోయిండు? వాని కొడుకు ఇయ్యాల అదే గేటు కాడ సెక్యూరిటీ గార్డా, క్యాబ్ డ్రైవరా? నేను చూసినవాట్లల్ల ఈ కథ ఒక్కటి లేదు. భూమి ఎవరిదని 1980ల అడిగిన తెర, ఇయ్యాల వంద కోట్ల ఎకరం పక్కన నిలవడి యాస మాట్లాడుతున్నది గని భూమి మాట ఎత్తుత లేదు.

సినిమా అంటే వినోదం, ఇవన్ని ఎవరు చూస్తరని కొందరు దోస్తులు అంటరు. పిట్ట ముట్టలేదన్న కథను ఊర్లకూర్లు చూసినయి గదా! చూసెటోళ్లు ఉన్నరు. తీసెటోళ్లకే దమ్ము చాలుత లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నిర్మాతలల్ల మనోళ్లున్నరు, డైరెక్టర్లల్ల మనోళ్లున్నరు. ఇంకా ఎవరో తొక్కిన్రనుకుంట కూసుంటే నడువది. 'మా భూమి'ల గొంగడేసుకొని పాడిన గద్దర్ పేరు మీద 2025ల సర్కారు సినిమా అవార్డులిచ్చింది. సంతోషమే. ఆ పేరు పెట్టుకున్న అవార్డు, భూమి గురించి, కూలి గురించి అడిగే సినిమాను వెతికి పట్టుకోవాలె. లేకుంటే అది ఆయన పేరును వాడుకున్నట్టే అయితది.

విద్యార్థి తమ్ముళ్లారా, చెల్లెండ్లారా, ఉద్యోగ మిత్రులారా! యాస విని మురిసింది చాలు. టికెట్ మనది, పైసలు మనయి. ఇగ ముందు సినిమా చూసి బయటికి రాంగ రెండు ప్రశ్నలు అడుగున్రి: ఇందుల పని చేసేటోడెవడు? భూమి ఎవరి చేతులున్నది? జవాబు లేకుంటే, ఎంత చక్కని యాస మాట్లాడినా, అది మన సినిమా కాదని నలుగురిల నిలవడి చెప్పున్రి.